మర్యాదస్తులెవరైనా సరే: మేరీ చర్చ్ టెరెల్, నల్లజాతి మహిళా క్లబ్బుల చరిత్ర

1906 అక్టోబరులో వాషింగ్టన్ నగరంలోని ఒక మహిళా క్లబ్బు సభలో నల్లజాతి మహిళా నాయకురాలు మేరీ చర్చ్ టెరెల్ తన ఊరి సంగతి చెప్పారు. పార్లమెంటు భవనం దగ్గర బయలుదేరి అధ్యక్ష భవనం దాకా నడిచి వెళ్లినా, కడుపు నకనకలాడుతున్నా, భోజనానికి సరిపడా డబ్బు చేతిలో ఉన్నా, తెల్లవాళ్లు తినే ఏ హోటల్లోనూ తెర చాటున కూర్చుంటే తప్ప తనకు ఒక్క ముద్ద దొరకదన్నది ఆమె మాటల సారాంశం. ఆ తరువాత నలభై మూడేళ్లు గడిచాయి. 1950 తొలి నెలల్లో, 86 ఏళ్ల వయసులో, ఆమె అదే నగరంలో 14వ వీధిలోని థాంప్సన్ రెస్టారెంటులోకి వెళ్లి ట్రే చేతపట్టుకుని వరుసలో నిలబడ్డారు. నల్లజాతివారికి వడ్డించేది లేదని అక్కడివాళ్లు చెప్పారు. ఆమెకు కావలసింది కూడా ఆ తిరస్కారమే, ఎందుకంటే దాన్ని పట్టుకునే కోర్టుకు వెళ్లాలి.

ఈ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో అర్థం కావాలంటే ముందు ఒక మాట దగ్గర ఆగాలి. తెలుగులో క్లబ్బు అనగానే పేకాట, టెన్నిస్, సాయంకాలపు కాలక్షేపం గుర్తుకొస్తాయి. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో నల్లజాతి స్త్రీలు పెట్టుకున్న క్లబ్బులు అలాంటివి కావు. మన మహిళా మండలి, మహిళా సమాజం అనే మాటలే వాటికి దగ్గర. పాతికమంది టీచర్లు, దర్జీలు, మంత్రసానులు, పాస్టర్ల భార్యలు నెలకింత చందా వేసుకుని పసిపిల్లల బడి నడపడం, పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయికి రైల్వే స్టేషనులోనే ఎదురెళ్లి క్షేమమైన బస చూపించడం, ముసలివాళ్లకు ఆశ్రమం కట్టడం వాటి పని. ప్రభుత్వం చేయవలసిన పనులివి, ప్రభుత్వం వీళ్లకు చేయనివి.

మేరీ 1863 సెప్టెంబరు 23న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో పుట్టారు. తల్లి లూయీసా, తండ్రి రాబర్ట్ చర్చ్ ఇద్దరూ బానిసత్వంలో పుట్టినవారే. తండ్రి ఒక తెల్ల స్టీమరు యజమానికి, అతని దగ్గర బానిసగా ఉన్న స్త్రీకి కలిగిన కొడుకు. 1866లో మెంఫిస్‌లో తెల్ల గుంపులు నల్లజాతి పేటల మీద పడి 46 మందిని చంపినప్పుడు రాబర్ట్ చర్చ్ తలకు తుపాకి దెబ్బ తగిలింది. అతను బతికాడు. 1878లో పచ్చజ్వరం సోకి జనం ఊరు విడిచిపోతుంటే కారుచౌకగా వచ్చిన స్థలాలు కొన్నాడు, దక్షిణ రాష్ట్రాల నల్లజాతి సంపన్నుల్లో మొదటి వరుసకు చేరాడు. తల్లి సవరాలు, విగ్గుల దుకాణం నడిపింది. అంటే ఈ కథలోని మనిషి పేదరికంలోంచి వచ్చినామె కాదు. ఈ సంగతిని మరుగుపరిస్తే తరువాతి చిక్కుముడి ఏదీ విడదు.

ఆరేడేళ్ల వయసులోనే ఆమెను చదువు కోసం ఉత్తరాన ఒహాయో రాష్ట్రానికి పంపారు. ఓబర్లిన్ కాలేజీలో అప్పట్లో స్త్రీలకు తేలికపాటి రెండేళ్ల కోర్సు ఒకటి, గ్రీకు, లాటిన్‌లతో కూడిన నాలుగేళ్ల కోర్సు ఒకటి ఉండేవి. రెండోదాన్ని అందరూ మగవాళ్ల కోర్సనే పిలిచేవారు. మేరీ దాన్నే ఎంచుకున్నారు. గ్రీకు చదివిన నల్లజాతి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటావని స్నేహితురాళ్లు హెచ్చరించినట్లు ఆత్మకథలో రాసుకున్నారు. 1884లో ఆమె పట్టా తీసుకున్నారు. చదువైన తరువాత కూతురు ఇంటిపట్టున దర్జాగా ఉండాలన్నది తండ్రి కోరిక. కష్టపడి సంపాదించిన మనిషికి, కూతురు జీతానికి పనిచేయడం పరువు తక్కువగా తోచింది. 1885లో ఆమె తండ్రి మాట కాదని విల్బర్‌ఫోర్స్ కాలేజీలో టీచరుగా చేరారు. ఫ్రెంచి నుంచి ఖనిజశాస్త్రం దాకా అయిదు రకాల పాఠాలు చెప్పడం, అధ్యాపకుల సభకు కార్యదర్శిగా చిట్టాలు రాయడం, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించడం అక్కడ ఆమె ఉద్యోగం. తండ్రి దాదాపు ఏడాదిపాటు ఉత్తరం ముక్క రాయలేదు.

1887లో ఆమె వాషింగ్టన్‌లో నల్లజాతి విద్యార్థుల హైస్కూలుకు మారారు. ఎం స్ట్రీట్ హైస్కూలుగా పేరుపడ్డ ఆ బడిని గురించి ఒక్క మాట చెప్పాలి. పెద్ద విశ్వవిద్యాలయాల్లో చదువుకుని కూడా రంగు మూలంగా ఇంకెక్కడా ఉద్యోగం దొరకని పండితులంతా అక్కడే పాఠాలు చెప్పేవారు. వివక్షే ఒక గొప్ప బడిని తయారుచేసింది. లాటిన్ శాఖలో ఆమెకు పైన ఉన్న రాబర్ట్ హెబర్టన్ టెరెల్ హార్వర్డ్ పట్టభద్రుడు. మధ్యలో రెండేళ్లు ఆమె ఐరోపాలో ఉండి ఫ్రెంచి, జర్మన్ బాగా పట్టుపడేలా నేర్చుకుని వచ్చారు. 1891లో ఇద్దరికీ పెళ్లయింది. పెళ్లయిన ఆడవాళ్లు బడిలో పాఠం చెప్పకూడదన్నది ఆనాటి నియమం కనుక ఆమె ఉద్యోగం పోయింది. క్లబ్బుల్లో చదువుకున్న స్త్రీలు అంతమంది ఎందుకు కనిపిస్తారన్న ప్రశ్నకు ఈ నియమంలో సగం జవాబుంది. శిక్షణ ఉండి, తరగతి గది లేని టీచర్లు వాళ్లు.

1892 మార్చి 9న మెంఫిస్‌లో ముగ్గురు నల్లజాతి వ్యాపారులను జైల్లోంచి లాక్కుపోయి మూక చంపేసింది. వాళ్లు నడుపుతున్న కిరాణా దుకాణం పక్కనున్న తెల్ల దుకాణదారు బేరాలు దెబ్బతీయడమే గొడవకు మూలం. ఆ ముగ్గురిలో ఒకడైన టామ్ మాస్ మేరీకి చిన్ననాటి స్నేహితుడు. అప్పుడామె గర్భవతి. ఆ బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే పోయింది. ఆ నెలల్లో తన మనసులో నిండిన భయం, క్రోధం బిడ్డకు సోకి ఉండేవేమోనని, బతకకపోవడమే మేలయిందేమోనని ఆమె తరువాత రాసుకున్నారు. ఒక తల్లి ఆ వాక్యం రాయగలిగిందంటే ఆ దేశంలో మూకహత్య అంటే ఏమిటో వేరే వివరించనక్కరలేదు. మూడు కాన్పుల్లో బిడ్డలు దక్కలేదు. 1898లో పుట్టిన కూతురు ఫిలిస్ ఒక్కతే నిలిచింది, ఆ తరువాత తమ్ముడి కూతుర్ని పెంచుకున్నారు. మాస్ హత్య తరువాత ఆమె బానిసత్వం నుంచి తప్పించుకుని నల్లజాతి నాయకుడిగా ఎదిగిన వయోవృద్ధుడు ఫ్రెడరిక్ డగ్లస్‌తో కలిసి అధ్యక్షుడు హారిసన్ దగ్గరకు వెళ్లి, మూకహత్యలను బహిరంగంగా ఖండించమని వేడుకున్నారు. అధ్యక్షుడు విన్నాడు, ఖండన మాత్రం రాలేదు.

అదే ఏడాది వాషింగ్టన్‌లో నల్లజాతి మహిళల లీగు పుట్టింది. హెలెన్ కుక్, ఆనా జూలియా కూపర్, మేరీ టెరెల్ అందులో ముందున్నారు. మరి దేశమంతటా చెదురుమదురుగా ఉన్న క్లబ్బులు ఒక్కటయ్యేందుకు కారణం ఒక ఉత్తరం. మిస్సోరీ పత్రికా సంపాదకుల సంఘం అధ్యక్షుడు జేమ్స్ జాక్స్, మూకహత్యలకు వ్యతిరేకంగా ఇంగ్లండులో పనిచేస్తున్న ఒక మహిళకు ఉత్తరం రాస్తూ, నల్లజాతి ఆడవాళ్లందరూ శీలం లేనివాళ్లు, దొంగలు, అబద్ధాలకోర్లు అన్నాడు. ఆ ఉత్తరం బోస్టన్‌లోని జోసెఫీన్ సెయింట్ పియర్ రఫిన్ చేతికి వచ్చింది. 1895 జూలైలో ఆమె పిలుపు మీద దేశం నలుమూలల నుంచీ స్త్రీలు బోస్టన్‌లో సమావేశమై ఒక సమాఖ్య పెట్టారు. దాంతో సంఘాలు రెండయ్యాయి. మరుసటి ఏడాది, 1896 జూలైలో, వాషింగ్టన్‌లో 19వ వీధి బాప్టిస్టు చర్చిలో రెండూ కలిసి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కలర్డ్ విమెన్‌గా ఏర్పడ్డాయి. అధ్యక్షురాలి ఎంపికలో ఓట్లు పదేపదే సమానమయ్యాయి, చివరకు 32 ఏళ్ల మేరీ టెరెల్ పేరు ఖరారైంది. ఆ సభలో అందరికన్నా పెద్దావిడ హారియట్ టబ్మన్, బానిసలను రహస్యంగా ఉత్తరానికి తప్పించిన ఆ హారియట్ టబ్మనే.

తెల్ల మహిళల క్లబ్బులుండగా వీళ్లు వేరే ఎందుకు పెట్టుకున్నారని అడిగేవారికి 1900 నాటి మిల్వాకీ సంఘటన చాలు. తెల్ల మహిళా క్లబ్బుల జాతీయ సమాఖ్య మహాసభకు రఫిన్ ప్రతినిధిగా వెళ్లారు. ఆమె సభ్యురాలిగా ఉన్న తెల్ల క్లబ్బుల పేరుమీద వస్తే కూర్చోనిస్తామన్నారు, ఆమె తన నల్లజాతి క్లబ్బు పేరుమీద వస్తే మాత్రం వీల్లేదన్నారు. ఛాతీ మీదున్న బ్యాడ్జిని లాక్కునే ప్రయత్నం కూడా జరిగింది. ఒంటరిగా, తన వాళ్లను వదిలి వచ్చిన మనిషిగా ఆమె వాళ్లకు అభ్యంతరం కాదు, ఒక సమూహానికి ప్రతినిధిగా అభ్యంతరం. రఫిన్ ఒప్పుకోలేదు.

కొత్త సంఘం పెట్టుకున్న నినాదం, మనం ఎక్కుతూ వెనకవాళ్లను పైకి లాగుదామని. దీని చుట్టూనే అసలు చిక్కంతా ఉంది. పైన కొందరు, కింద కొందరు ఉన్నారని ఒప్పుకుంటేనే ఆ వాక్యానికి అర్థం. తెల్ల సమాజం మనలో అందరికన్నా వెనకబడిన వాళ్లను చూపించే మన జాతి మొత్తాన్ని తూస్తుంది, కనుక మనల్ని మనం కాపాడుకోవడానికైనా నిరక్షరాస్యుల్లోకి, దారి తప్పినవాళ్లలోకి వెళ్లాలన్నది టెరెల్ వాదన. తల్లుల సమావేశాల్లో పిల్లల పెంపకంతోపాటు ఇంటి శుభ్రత, మాట తీరు, బట్టకట్టు గురించి కూడా పాఠాలుండేవి. కలిగినవాళ్లు లేనివాళ్లకు నీతులు చెప్పడమేనని, తెల్లవాళ్ల కొలబద్దనే తమ చేతుల్లోకి తీసుకోవడమేనని తరువాతి తరాల చరిత్రకారులు దీన్ని తప్పుపట్టారు. ఆ విమర్శలో నిజముంది, టెరెల్ ప్రసంగాలు చదువుతుంటే కొన్ని చోట్ల నాకూ ఇబ్బందిగానే ఉంటుంది.

అయినా ఆ విమర్శ దగ్గరే ఆగిపోతే సగమే చూసినట్లు. ఆమె అధ్యక్షత కింద సంఘం మొదట పట్టుకున్నది పసిపిల్లల బడులను. నల్లజాతి తల్లుల్లో ఎక్కువమంది తెల్లవాళ్ల ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లు. తెల్లవారకముందే గడప దాటి చీకటి పడ్డాక వచ్చే తల్లి తన పసివాణ్ణి గదిలో పెట్టి తాళం వేసుకుని పోవడం అరుదేమీ కాదు. ఆ గదుల్లో పిల్లలకు జరిగిన ప్రమాదాలను చెప్పి టెరెల్ ఊరూరా చందాలు అడిగేవారు. తన ప్రసంగాలనే చిన్న పుస్తకాలుగా అచ్చువేయించి అమ్మి ఆ నిధికి చేర్చారు. న్యూయార్కులో విక్టోరియా ఎర్ల్ మాథ్యూస్ 1897లో పెట్టిన వైట్ రోజ్ మిషన్, అట్లాంటాలో లుజీనియా బర్న్స్ హోప్ 1908లో వీధి వీధికీ కమిటీలు వేసి నడిపిన నైబర్‌హుడ్ యూనియన్ ఈ బాటలోనివే. అట్లాంటాలో వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఏ వీధికి మంచినీళ్లు లేవో, ఏ బడిలో ఎంతమంది పిల్లలను కుక్కారో లెక్కలు రాసుకుని నగర పాలకుల ముందు పెట్టేవారు. నీతిబోధకు వెళ్లిన ఆడవాళ్లు లెక్కల పుస్తకంతో తిరిగొచ్చారు. మురికికి కారణం గృహిణి అలవాట్లు కావని, మురుగు కాలువ లేకపోవడమని ఆ లెక్కలు చెప్పకుండా ఎలా ఉంటాయి?

సంఘంలో అంతా సవ్యంగా సాగిందనీ కాదు. 1899లో షికాగో మహాసభ ఏర్పాట్ల నుంచి ఐడా బి. వెల్స్‌ను పక్కన పెట్టారు. మూకహత్యల మీద ప్రాణాలకు తెగించి రాసిన పాత్రికేయురాలామె, ఆ ఊరిలోనే ఉంటున్నారు, పైగా టామ్ మాస్ ఆమెకూ ఆప్తుడు. స్థానిక క్లబ్బులవాళ్లు ఆమె ఉంటే రామన్నారని టెరెల్ సమాధానం. టెరెల్‌కు తన పదవికి పోటీ వస్తుందనే భయమని వెల్స్ నమ్మకం. ఒకే చావుకు ఏడ్చిన ఇద్దరు స్త్రీలు జీవితాంతం ఎడమొహం పెడమొహంగా ఉండిపోవడం నన్ను బాధపెడుతుంది. టెరెల్ భర్త 1902 నుంచి వాషింగ్టన్‌లో న్యాయాధికారి, ఆ పదవి రిపబ్లికన్ అధ్యక్షుల దయ మీద, ఆనాటి పలుకుబడిగల నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ సిఫారసు మీద నిలిచింది. ఆమె గొంతు అప్పుడప్పుడు మెత్తబడడానికి ఇదొక కారణమనిపిస్తుంది. మెత్తబడినా మూగబోలేదు. 1904లో మూకహత్యల మీద, 1907లో ఖైదీలను కంపెనీలకు కూలికి అప్పగించే పద్ధతి మీద ఆమె పెద్ద పత్రికల్లో నిక్కచ్చిగా రాశారు. 1909లో నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ స్థాపనకు పిలుపునిచ్చినవారిలో ఆమె సంతకమూ ఉంది.

1904లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభలో ఇంగ్లీషువాళ్లు, అమెరికావాళ్లు ఇంగ్లీషులోనే మాట్లాడుతుంటే జర్మన్ ఆతిథేయులు చిన్నబుచ్చుకోవడం చూసి, ఆమె తన ప్రసంగాన్ని రాత్రికి రాత్రి జర్మన్‌లోకి మార్చుకుని ఆ భాషలోనే చెప్పారు. ఆమె మేనిరంగు తెలుపుకు బాగా దగ్గర. అమెరికా నుంచి వచ్చిన ఆ నల్లజాతి స్త్రీ ఎక్కడ ఉందో చూపించమని జర్మన్లు స్వయంగా ఆమెనే అడిగారు.

ఓటు హక్కు పోరాటంలోనూ ఈ రంగు గీత ఆమెను వదలలేదు. 1898లో తెల్ల స్త్రీల ఓటు హక్కు సంఘం జాతీయ సభలో మాట్లాడారు. 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద ఊరేగింపులో హోవర్డ్ విశ్వవిద్యాలయపు డెల్టా సిగ్మా థీటా అనే నల్లజాతి విద్యార్థినుల సంఘంవారితో కలిసి నడిచారు. దక్షిణాది తెల్ల స్త్రీలు నొచ్చుకుంటారేమోనని, నల్లజాతివారిని చివరి వరుసల్లోకి నెట్టాలని నిర్వాహకులు చూసిన ఊరేగింపది. 1917లో కూతురు ఫిలిస్‌ను వెంటబెట్టుకుని అధ్యక్ష భవనం ముందు పికెటింగులో నిలబడ్డారు. 1920లో స్త్రీలకు ఓటు వచ్చింది. తూర్పు రాష్ట్రాల నల్లజాతి స్త్రీల ఓట్లు కూడగట్టే పని రిపబ్లికన్ పార్టీ ఆమెకే అప్పగించింది. ఆమె నివాసం వాషింగ్టన్. ఏ రాష్ట్రంలోనూ చేరని ఆ రాజధాని నగరవాసులకు, నలుపైనా తెలుపైనా, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు లేదు. 1961లో రాజ్యాంగ సవరణ వచ్చేదాకా లేదు. అప్పటికి ఆమె పోయి ఏడేళ్లు.

1895లోనే ఆమె వాషింగ్టన్ విద్యా మండలిలో సభ్యురాలయ్యారు. అమెరికాలో అలాంటి పదవి పొందిన మొదటి నల్లజాతి మహిళ ఆమెనే అంటారు. రెండు విడతలుగా మొత్తం పదకొండేళ్లు ఆ పదవిలో ఉన్నారు. నగరంలో బడులు అప్పుడు రెండు వరుసలు, తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి. వేరుచేయడాన్ని తొలగించే అధికారం ఆ కుర్చీకి లేదు, వేరుగా ఉన్నదాన్ని బాగా నడిపే అవకాశం మాత్రమే ఉంది.

వయసు పైబడిన కొద్దీ మనిషి మెత్తబడతాడంటారు. ఈమె విషయంలో అది తలకిందులైంది. 1946లో పట్టభద్రులైన మహిళల సంఘం వాషింగ్టన్ శాఖ ఆమె దరఖాస్తును రంగు కారణంగా తోసిపుచ్చింది. మూడేళ్ల పోరాటం తరువాత 1949లో జాతీయ సంఘం నియమావళినే మార్చుకోవలసి వచ్చింది. అదే ఏడాది, జార్జియాలో తన మీద చేయి చేసుకున్న తెల్ల పొరుగువాడు చనిపోయిన కేసులో ఇద్దరు కొడుకులతో సహా శిక్షపడిన కౌలురైతు రోజా లీ ఇంగ్రమ్ తరఫున ఐక్యరాజ్యసమితి దాకా అర్జీ తీసుకుపోయారు. ఓబర్లిన్ పట్టభద్రురాలు, పన్నెండు మంది పిల్లలను కని పొలం దున్నుకునే తల్లి పక్షాన నిలబడినప్పుడు, పైకి లాగుదామన్న పాత మాట ఆమెకు అవసరపడలేదు.

ఇప్పుడు థాంప్సన్ కెఫెటీరియా దగ్గరకు రావచ్చు. అంతర్యుద్ధం తరువాత కొన్నేళ్లు వాషింగ్టన్‌కు సొంత శాసనసభ ఉండేది. 1872, 1873లలో అది రెండు చట్టాలు చేసింది. హోటళ్లు, ఐస్‌క్రీము దుకాణాలు, మంగలి షాపులు జాతి, రంగు చూడకుండా, మర్యాదస్తులై సత్ప్రవర్తనతో వచ్చిన ఎవరికైనా సేవ చేయాలి. కాదంటే 100 డాలర్ల జరిమానా, ఏడాదిపాటు లైసెన్సు రద్దు. 1874లో అమెరికా పార్లమెంటు ఆ శాసనసభను తీసేసింది. 1901లో నగర చట్టాలను ఒక సంపుటంగా కూర్చినప్పుడు ఈ రెండూ అందులో చేరలేదు. ఎవరూ రద్దు చేయలేదు, ఎవరూ అమలు చేయలేదు. జనం నోట అవి పోయిన చట్టాలయ్యాయి.

చట్టంలోని ఆ ఒక్క మాట చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. మర్యాదస్తులైన ఎవరికైనా. మర్యాదస్తులమని నిరూపించుకోవడానికే గదా నల్లజాతి క్లబ్బులు రెండు తరాలు శ్రమపడ్డాయి? ఆ అర్హతను చట్టం 1872లోనే గుర్తించింది. జాక్స్ ఉత్తరానికి 23 ఏళ్ల ముందే. వాళ్లు గ్రీకు చదివారు, జర్మన్‌లో ప్రసంగించారు, ఇస్త్రీ మడత నలగని గౌన్లు వేసుకున్నారు, ఒక్క గిన్నెడు సూపు రాలేదు. లోటు వాళ్ల మర్యాదలో లేదు, ఫైలు తెరవని అధికారుల్లో ఉంది.

చట్టాల అమలు కోసం ఏర్పడిన కమిటీకి టెరెల్ అధ్యక్షురాలు. 1950 ఫిబ్రవరి 28న ఆమె, పాస్టర్ విలియం జెర్నగిన్, జెనీవా బ్రౌన్ అనే మరో మహిళ, డేవిడ్ స్కల్ అనే తెల్ల మిత్రుడు కలిసి థాంప్సన్‌కు వెళ్లి తిరస్కారం పొంది ప్రమాణపత్రాలు దాఖలు చేశారు. ఆ చట్టాలు వాడుకలో లేక వాటంతటవే రద్దయిపోయాయని కింది కోర్టు చెప్పింది. కేసు పైకి వెళ్లింది. కోర్టుల కోసం ఎదురుచూస్తూ ఆమె ఊరుకోలేదు. హెక్ట్ అనే పెద్ద దుకాణంలో నల్లజాతివారు బట్టలు కొనవచ్చు గానీ అక్కడి లంచ్ కౌంటరు ముందు కూర్చోకూడదు. 1951లో ఆ దుకాణం బహిష్కరణకు పిలుపునిచ్చి, 88వ ఏట చేతికర్ర ఊతంగా ఫలకం పట్టుకుని ఆ కాలిబాట మీద తిరిగారు. 1952 జనవరిలో కౌంటరు అందరికీ తెరుచుకుంది. ఇస్త్రీ గౌను, టోపీ, చేతి తొడుగులు అప్పుడూ ఉన్నాయి, వాటితోపాటు ఫలకం కూడా.

1953 జూన్ 8న సుప్రీంకోర్టులో విచారణలో పాల్గొన్న 8 మంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో 1873 చట్టం సజీవంగానే ఉందని తీర్పిచ్చారు. ప్రభుత్వం అమలు చేయకపోయినంత మాత్రాన చట్టం రద్దు కాదని జస్టిస్ విలియం డగ్లస్ రాశారు. నాలుగు రోజుల తరువాత ఆ నలుగురు మళ్లీ థాంప్సన్‌కు వెళ్లారు, ఈసారి అడిగినవన్నీ వడ్డించారు. ఆ ఏడాదే నగరంలోని సినిమాహాళ్లు కూడా తెరుచుకున్నాయి.

1954 మే 17న సుప్రీంకోర్టు బడుల్లో వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. రాష్ట్రాల కేసులకు ఒక తీర్పు, వాషింగ్టన్ నగరానికి మరొక తీర్పు, రెండూ ఒకే రోజు వచ్చాయి. ఒకప్పుడు టెరెల్ పాఠాలు చెప్పిన నల్లజాతి హైస్కూలు, ఆమె పదకొండేళ్లు కూర్చున్న విద్యా మండలి నడిపిన ఆ రెండు వరుసల బడుల వ్యవస్థ ఆ తీర్పుతో ముగిసింది. జూలై 24న అన్నాపోలిస్‌లో మేరీ చర్చ్ టెరెల్ కన్నుమూశారు. సెప్టెంబరులో వాషింగ్టన్ బడులు తెరిచినప్పుడు నల్లపిల్లలు, తెల్లపిల్లలు మొదటిసారిగా ఒకే తరగతి గదుల్లోకి వెళ్లారు.